రాళ్లగడ్డ మోకాళ్ల బోర్డు

రాళ్లగడ్డ, ధరూర్ మండలం
ఏప్రిల్ 7

మామకు,

అడవిలో నీ ఫోను ఎలాగూ మోగదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. శనివారం మన్ననూర్ నుంచి వచ్చే జీపువాడు బియ్యం బస్తాతో పాటు దీన్నీ నీకు చేరుస్తాడని అమ్మ చెప్పింది. బస్తా ముందు దించుకో. చదువుతూ దించితే నవ్వొచ్చి కాలి మీద వేసుకుంటావు.

నేను ఉద్యోగంలో చేరాను. జూనియర్ లైన్‌మన్. ఆడపిల్ల లైన్‌మన్ అయితే ఏమని పిలవాలో ఊరికి అర్థం కాలేదు. రెండు రోజులు తర్జనభర్జన పడ్డారు. చివరికి బస్టాపు దగ్గర టీ హోటల్ నడిపే నర్సింహులు "కరెంటు పిల్ల" అని తేల్చేశాడు. నేను మొదటిసారి స్తంభం ఎక్కినప్పుడు కింద జనం గుమిగూడారు. దిగాక ఒక పెద్దాయన, "నా పెండ్లికి గూడ గింతమంది రాలే బిడ్డా" అన్నాడు.

అసలు సంగతి ఇది. బస్టాపు దగ్గర పంచాయతీవాళ్లు ఏడాది కిందట పెట్టించిన డిజిటల్ బోర్డు ఉంది. ఇనుప స్తంభం, దాని పైన మంచమంత తెర. తెర మీద ఎర్ర అక్షరాల్లో పత్తి ధర, వాన కబురు పరుగెడుతుంటాయి. ఊళ్లో దాన్ని చదివేవాళ్లు లేరు. ముట్టుకునేవాళ్లే ఉన్నారు.

నిజంగానే మామా. పొద్దున ఏడింటికల్లా వరుస కడతారు. చెప్పులు విడిచి, ఒక చేత్తో స్తంభాన్ని, ఇంకో చేత్తో నొప్పి ఉన్న మోకాలిని పట్టుకుని, కళ్లు మూసుకుని ఇరవై లెక్కపెడతారు. ఒళ్లంతా జుమ్మంటుందట. మోకాళ్ల నొప్పి పోతుందట. దీన్ని కనిపెట్టింది జములమ్మ. డెబ్బై ఏళ్లుంటాయి. సగం జీవితం ముంబైలో, పుణెలో వలస కూలీగా మట్టి తట్టలు మోసిన మనిషి. వరుసను అదుపు చేసేది కూడా ఆమే. "ఒక్కొక్కలకు ఇరువై లెక్కనే. ఎక్కువ సేపు వట్టుకుంటె లోపల అయిపోతది" అని అందరినీ కసురుతుంది.

ఈ ఊరి ఆశా కార్యకర్త హెప్సిబా నా దగ్గర మొర పెట్టుకుంది. "నేనిచ్చిన గోలీలు కోళ్లకు ఏస్తున్నరక్కా. స్తంభం కాడికి మాత్రం పొద్దుగాల్నే ఉరుకుతున్నరు." నర్సింహులుకు ఏ మొరా లేదు. వరుసలో నిలబడిన వాళ్లందరూ అతని చాయే తాగుతారు.

టెస్టర్ పెట్టి చూశాను. వెలిగింది. మీటరు పెడితే స్తంభానికీ నేలకూ మధ్య నూట ఎనిమిది వోల్టులు! "ఎవరూ ముట్టుకోవద్దు" అని గట్టిగా అరిచాను. జములమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసి, "నీ మోకాళ్లు నొస్తలెవ్వు. నీకేం తెల్సు" అంది.

నువ్వు నేర్పిన కరెంటు లెక్క ప్రకారం వీళ్లు ఈపాటికి దవాఖానలో ఉండాలి. తీరిగ్గా చాయ్ తాగుతున్నారు. ఇదెలా?

నీ మేనకోడలు
రజని

*

బేస్ క్యాంపు, మన్ననూర్ అడవి
ఏప్రిల్ 19

కరెంటు పిల్లకు మామ ఆశీస్సులు.

బస్తా కాలి మీద పడలేదు. కానీ నేను నీ ఉత్తరం చదువుతూ నవ్వుతున్నప్పుడు కొండముచ్చు ఒకటి నా బీడీ కట్ట ఎత్తుకుపోయింది. ఆ పాపం నీదే. అది చెట్టెక్కి ఒక్కో బీడీని వాసన చూసి నా నెత్తి మీద పారేసింది. నా చుట్ట, బీడీల అలవాటు మాన్పాలని మీ అత్త ఉన్నన్నాళ్లూ చూసింది. ఆమె వల్ల కానిది దీనివల్ల అయ్యేట్టుంది.

ఇక్కడ నా కొలువు పులికి నీళ్లు పోయడం. సోలార్ పంపు నడిపితే జంతువులు తాగే సాసరు గుంత నిండుతుంది. పులి ఎప్పుడు వచ్చి తాగిపోతుందో నాకు తెలియదు, నేను ఎప్పుడు పోస్తానో దానికి మాత్రం తెలుసు. ఎలుగుబంటి ఒకటి సోలార్ పలకల స్టాండుకు వీపు రుద్దుకుంటోంది. వారానికోసారి బోల్టులు బిగిస్తున్నాను.

నీ ప్రశ్నకు వస్తాను. బోర్డు లోపల కరెంటును సన్నం చేసి తెరకు ఇచ్చే డబ్బాలుంటాయి. ఒక్కో డబ్బా నుంచి రవ్వంత కరెంటు దాని ఇనుప ఒంటికి కారుతుంది. వాటి తయారీయే అంత. ఆ కారినదాన్ని నేలలోకి పంపడానికే ఎర్తు వైరు. ఎర్తు లేకపోతే అది స్తంభం మీదే నిలిచిపోతుంది. మీటరు వంద చూపిస్తుంది, ముట్టుకుంటే మాత్రం చీమలు పాకినట్టుంటుంది. ఆ రవ్వంత కరెంటు మనిషిని చంపలేదు.

కానీ ఆ చీమలు పాకుతున్నాయంటే ఎర్తు లేదని అర్థం. రేపు లోపల ఏదైనా వైరు ఒరుసుకుపోయి స్తంభానికి తగిలిందనుకో. ఎర్తు ఉంటే ఆ క్షణమే ఫ్యూజు కొట్టేస్తుంది. లేకపోతే నిండు కరెంటు స్తంభంలో నిలబడి, ఎవరి చెయ్యి తగులుతుందా అని చూస్తుంటుంది. నేల తడిగా ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

పెట్టె కింద నుంచి ఆకుపచ్చ వైరు దిగిందా, దిగితే ఎక్కడికి పోయిందో చూడు.

ఆ బోర్డు ఎవరు పెట్టారో ఊళ్లో విచారించావా? విచారించకపోయినా ఏం పరవాలేదు. ఊరికే అడిగాను.

మామ
ఈశ్వరయ్య

*

రాళ్లగడ్డ
మే 2

మామకు,

తవ్వాను. కూర్చుని చదువు.

ఆకుపచ్చ వైరు ఉంది. ఎంత అందంగా ఉందనుకున్నావు! జానెడుకో క్లిప్పు, వంకర లేకుండా స్తంభం వెంట దిగింది. నేల దగ్గర చిన్న సిమెంటు దిమ్మె, దాని మీద ఎర్ర రంగుతో "ఎర్త్" అని ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ దిమ్మె పక్క నుంచి తవ్వుకుంటూ పోయాను. అడుగున్నర కింద పరుపు బండ తగిలింది. బండ మీద మామిడికాయంత రాయి. వైరును తీసుకొచ్చి ఆ రాయికి కట్టేశారు! ఎర్తు గుంతలో ఉండాల్సిన కడ్డీ లేదు, బొగ్గు లేదు, ఉప్పు లేదు. మేకను గుంజకు కట్టినట్టు కరెంటును రాయికి కట్టి పూడ్చిపెట్టారు.

ఎవడో కానీ మహానుభావుడు. కరెంటు పారిపోకుండా కట్టేశాననుకున్నాడేమో. ఆ రాయిని ముడితో సహా కత్తిరించి తీసి నా గదిలో కిటికీ మీద పెట్టుకున్నాను. ఎప్పుడు చూసినా నవ్వొస్తోంది.

మా ఇంజినీరు ఏఈ సారుకు చెప్పాను. మన బాధ్యత మీటరు దాకానే, బోర్డు పంచాయతీది, రిపోర్టు రాసివ్వు అన్నారు. రాసిచ్చాను. పంచాయతీలో చూస్తామన్నారు. వాళ్లు చూసేలోగా నేనే పుర్రె బొమ్మ ఉన్న ప్రమాద సూచిక తెచ్చి స్తంభానికి బిగించాను. తెల్లారేసరికి పుర్రెకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. "మంచిగున్నడు గదా, ఒట్టిగ ఎందుకని ఏసినం" అంది జములమ్మ.

ఫ్యూజు పీకేశాను. గంటలో నర్సింహులు మళ్లీ పెట్టాడు. మళ్లీ పీకాను. ఈసారి ఏఈ సారుకు అర్జీ పోయింది. ముప్పై రెండు వేలిముద్రలు. ఎవరు రాసిపెట్టారో కానీ నీకోసం నకలు తీసుకున్నాను:

"అయ్యా, మా బస్టాపు స్తంభములో వచ్చుచున్న కరెంటును కొత్తగా వచ్చిన ఆడ లైన్‌మన్ గారు ఆపుచున్నారు. మేము వృద్ధులము, మోకాళ్లు గలవారము. కావున దయతలచి మా షాకు మాకు ఇప్పించగలరని ప్రార్థన."

సారు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "దీనికి జవాబు ఏ ఫారంలో రాయాలమ్మా?" అని నన్నే అడిగారు. నేను ఆఫీసు నుంచి వచ్చేలోగా ఫ్యూజు మళ్లీ ఎక్కింది. ఏం చేయమంటావు?

రజని

*

బేస్ క్యాంపు
మే 17

రజనికి,

నువ్వు కుశలమని తలుస్తాను. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. సాసరు గుంతకు రోజూ రెండుసార్లు నీళ్లు పెడుతున్నాను. కొండముచ్చు ఇప్పుడు నా సబ్బు ఎత్తుకుపోయింది. కొరికి చూసి ఉమ్మేసి, నా మీద కోపంగా అరిచింది. ఎలుగుబంటి మూడు రోజులుగా రావడం లేదు. ఇప్పపూలు రాలడం అయిపోయాక అది కిందికి దిగిందని చెంచు వాచర్లు అంటున్నారు. మీ అమ్మకు నా కళ్లు బాగున్నాయని చెప్పు. గద్వాలలో ఆపరేషన్ చేయించుకున్న కన్ను ఇప్పుడు సూదిలో దారం ఎక్కించేంత బాగుంది.

రాయి సంగతి చదివాను. పని చేసినవాణ్ని అంత తొందరగా తిట్టకు. వాడి తిప్పలేమిటో మనకు తెలియదు కదా.

ఒక్క మాట మాత్రం విను. వానలు పడకముందే ఎర్తు గుంత తీయించు. స్తంభం దగ్గర ఎంత తవ్వినా బండే. నర్సింహులు హోటల్ వెనక, గిన్నెలు కడిగిన నీళ్లు పారే పల్లంలో నేల మెత్తన. ఎనిమిది అడుగుల దాకా గడ్డపార దిగుతుంది. అక్కడ రాగి కడ్డీ దింపి, బొగ్గూ ఉప్పూ నింపి, స్తంభం దాకా ఇనుప పట్టీ లాగు. పంచాయతీ కోసం కాచుకోకు. ఏఈ సారు కాళ్లు పట్టుకునైనా సరే ఆ బోర్డు ఆపించు.

నీ ఇష్టం అని అనడం లేదు. బతిమాలుతున్నాను.

మామ

*

రాళ్లగడ్డ
జూన్ 9

ఈశ్వరయ్య గారికి,

మొన్న ఆరో తేదీ సాయంత్రం నాలుగింటికి మొదటి వాన పడింది. నువ్వు చెప్పిన ఎర్తు గుంతకు కడ్డీ కావాలని రాసిచ్చాను, అది ఇంకా రాలేదు. నేను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కొమ్మలు కొట్టిస్తున్నాను.

జములమ్మ మేకను తోలుకుని ఇంటికి పోతూ, వాన పెద్దదయ్యేసరికి దాన్ని బోర్డు స్తంభానికి కట్టి, తాను హోటల్ చూరు కింద నిలబడింది. మేక ఒక్కటంటే ఒక్క అరుపు అరిచి పడిపోయింది. కాళ్లు కొట్టుకుంటోంది. జములమ్మ "నా మ్యాకా" అంటూ దాని మీదికి ఉరికింది. ఆమె చెయ్యి మేక మెడకు జానెడు దూరంలో ఉండగా నర్సింహులు చెక్క బెంచీ ఎత్తి ఆమె నడుముకు అడ్డం పెట్టి వెనక్కి తోశాడు. ఇద్దరూ బెంచీతో సహా బురదలో పడ్డారు. హెప్సిబా అరుపు విని నేను స్విచ్చు లాగి ఊరంతటికీ కరెంటు తీసేశాను.

అప్పటికే మేక చచ్చిపోయింది.

జములమ్మ బురదలోనే కూర్చుంది. "నన్నెందుకు గుద్దినవ్‌రా" అని నర్సింహులును తిడుతూ, మేకను చూసి ఆగిపోయింది. ఆమె నోరు మూతపడటం ఈ ఊరు చూడటం అదే మొదటిసారి.

పెట్టె విప్పాను. వైరు స్తంభంలోకి దూరే చోట రంధ్రానికి రబ్బరు వేయలేదు. ఇనుప అంచు ఏడాదిగా వైరును కోస్తూ వచ్చింది. వాన నీళ్లు దిగేసరికి స్తంభంలో నిండు కరెంటు. ఫ్యూజులో నర్సింహులు పుల్లంత లావు రాగి తీగ చుట్టాడు, ఇక అదేం కొడుతుంది? బోర్డు లైనును మా కరెంటు స్తంభం మీది నుంచే తెంపేశాను. ఆ వైరు చుట్ట ఇప్పుడు నా మంచం కింద ఉంది. ఎన్ని వేలిముద్రలు వేసినా తిరిగి ఇవ్వను.

ఇక రెండు మాటలు. హోటల్ వెనక గిన్నెలు కడిగిన నీళ్లు పారతాయని నేను నీకు ఎప్పుడూ రాయలేదు. పోయి చూశాను. పారుతున్నాయి. నేల మెత్తగానే ఉంది.

కిటికీలో ఉన్న రాయిని తీసి ఆ ముడి చూశాను. మూడు చుట్లు, ఒక ఉచ్చు, కొసను వెనక్కి లాగి బిగించడం. నాకు ఎనిమిదేళ్లప్పుడు వెదురు గడకు మైకు ఎలా కట్టాలో చూపిస్తూ నువ్వు నేర్పిన ముడి. నేను ఇప్పటికీ అదే వేస్తాను.

నవ్వుతూ నీకే రాశాను. నువ్వు కొండముచ్చుల కథలు రాసి పంపావు. జములమ్మ చెయ్యి జానెడు దూరంలో ఉండింది మామా.

రజని

*

బేస్ క్యాంపు
జూన్ 17

రజనికి,

నీ ఉత్తరం మీద నా పేరు చివర "గారు" చూసి రెండు రోజులు విప్పలేదు. బస్తాలు సర్దాను, పలకలు తుడిచాను. ఇక తుడవడానికేమీ మిగలక విప్పాను.

నేనే.

ఆ రోజు పది గంటలకు బోర్డు ప్రారంభం. ఆరింటికి గుంత మొదలుపెట్టాను. అడుగున్నరకే బండ. నాలుగు చోట్ల తవ్వాను, నాలుగు చోట్లా బండే. చివరికి హోటల్ వెనక మెత్తటి నేల దొరికింది కానీ అక్కడి నుంచి పట్టీ లాగడానికి ఒక పూట పడుతుంది. అప్పటికే డప్పులొచ్చాయి. కుర్చీలు వేశారు. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. కనిపించే వైరు చక్కగా దింపి, కొసను రాయికి కట్టి పూడ్చేశాను. వారంలో వచ్చి సరిచేద్దామనుకున్నాను. ఆ వారంలోనే కంటి ఆపరేషన్. తర్వాత ఈ కొలువు. మరచిపోయానంటే అబద్ధం. అడవిలో ఫోను మోగదని అందరూ నన్ను చూసి అయ్యో అన్నారు. నాకు అదే హాయి అనిపించింది.

మగ్గం మీద పోగు తెగితే మా నాయన అక్కడే నేత ఆపి ముడి వేసేవాడు. తెగిన పోగును కనపడకుండా పక్కకు తోసి నేసుకుపోతే వీపు మీద చరిచి లేపేసేవాడు. నేను మగ్గం వదిలి మైకుసెట్ల, కరెంటు పని పట్టినప్పుడు గద్వాల అంతా నవ్వింది. నా పనిలో తప్పు పట్టుకోమనండి చూద్దామని నలభై ఏళ్లు మీసం తిప్పాను. నువ్వు పట్టుకున్నావు.

నీ మొదటి ఉత్తరంలో రాళ్లగడ్డ పేరు చూడగానే ఆ రాయి గుర్తొచ్చింది. అయినా హాస్యాలు రాశాను. రాస్తూ ఉంటే నాకే అది వేరెవరి పనో అనిపించేది.

ఈ శనివారం జీపు ఈ ఉత్తరం తెస్తుంది. పై శనివారం జీపు నన్ను తెస్తుంది. ముందుగా ఎవరికీ చెప్పకు. నా నోటితోనే చెప్పాలి.

ఈశ్వరయ్య

*

వనపర్తి
జూన్ 25

మామకు,

ఈ కార్డును హెప్సిబా ఇంటికి రాస్తున్నాను. నువ్వు ఊళ్లో దిగగానే నీ చేతికి ఇస్తుంది.

నాకు రెండు వారాల శిక్షణ పడింది. వనపర్తిలో ఉన్నాను. అంశం: విద్యుత్ భద్రత. నవ్వకు. నేనూ నవ్వలేదు.

నా గది తాళం హెప్సిబా దగ్గర ఉంది. మంచం కింద వైరు చుట్ట తీసుకో. ఏఈ సారు మీటరుతో ఎర్తు కొలిచి సరే అన్నదాకా లైను కలపకు. నీ మాట మీద నమ్మకం లేక కాదు. లేకనే.

జములమ్మ దగ్గర చేతికర్ర ఉంటుంది. ఎడమ చేతివాటం. కుడి పక్కన నిలబడు.

రజని

*

రాళ్లగడ్డ
జూలై 4

కోడలికి,

ఆమె ఎడమ చేతివాటం కాదు. రెండు చేతులా కొట్టగలదు.

ఆదివారం పొద్దున హోటల్ ముందు అందరూ ఉండగా చెప్పాను. "గా రాయికి వైరు కట్టింది నేనే. ఎర్తు ఎయ్యలే. గందుకే మేక సచ్చింది." స్టవ్ మీద పాలు పొంగుతున్నా నర్సింహులు చూడలేదు. చివరికి స్టవ్ ఆర్పి, "ఫ్యూజుల లావు వైరు నేనే వెట్టిన. సగం నా మీద ఎయ్యుండ్రి" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

జములమ్మ లేచి నా ముందుకొచ్చింది. "నా మ్యాకను సంపింది నువ్వేనా?"

"నేనేనమ్మా."

"మల్ల ఏడ పండుకున్నవ్ గిన్నొద్దులు?"

"అడివిల దాసుకున్న."

కర్ర లేచింది. భుజం మీద ఒకటి, తప్పుకోబోతే ఇంకో చేత్తో ఇంకొకటి. తర్వాత ఆయాసపడి కూర్చుంది. "మేక బదులు మేకను తెచ్చిస్త" అన్నాను. "నాకొద్దు. ముందుగాల గుంత తవ్వు" అంది.

రెండు రోజులు తవ్వాను. నర్సింహులు పార పట్టాడు. ఇంటికింత బొగ్గు, ఇంటికింత ఉప్పు వచ్చిపడింది. జములమ్మ గుంత పక్కన కూర్చుని, "పప్పుల ఏసినట్టు చిటికెడు ఏస్తవేంది, దండిగ ఎయ్యి" అని పురమాయించింది. కడ్డీ దింపాను, పట్టీ లాగాను. రంధ్రానికి రబ్బరు వేశాను. కరెంటు కొంచెం దారి తప్పినా రెప్పపాటులో ఆపేసే స్విచ్చు పెట్టాను. మీ ఏఈ సారు మూడుసార్లు కొలిచి తలూపారు. లైను కలిపాం. బోర్డు వెలిగింది. పత్తి ధర పరుగెత్తింది.

స్తంభం దగ్గరికి ఒక్కరూ రాలేదు. ఒకప్పుడు వరుస కట్టినవాళ్లే హోటల్ గోడకు అతుక్కుపోయారు. అప్పుడు జములమ్మ బిందెడు నీళ్లు తెచ్చి స్తంభం మొదట్లో కుమ్మరించింది. "చెప్పులిడువు. ముట్టు" అంది నాతో.

రజనీ, మీటరు చూపించిన అంకె నా కళ్లారా చూశాను. అయినా ఆ బురదలో పాదం పెట్టినప్పుడు ఆ మేక గుర్తొచ్చింది. పట్టుకున్నాను. "ఒగటి, రెండు" అని జములమ్మ లెక్కపెట్టింది. పన్నెండు దగ్గర ఆగి, దగ్గు తీర్చుకుని, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. ఇరవై అయ్యాక అడిగింది.

"జుమ్మంటలేదా?"

"అంటలేదు."

"ఏమీ లేదా?"

"ఏమీ లేదమ్మా. గిట్లనే ఉండాలె."

ఆమె వచ్చి తనూ పట్టుకుంది. కళ్లు మూసుకుని కాసేపు చూసింది. చెయ్యి తీసి, "ఒట్టి ఇనుపకట్టె" అని పెదవి విరిచింది. హెప్సిబా ఇదే అదనని పదకొండు మంది మోకాళ్లవాళ్లను రెండు ఆటోల్లో ఎక్కించి గద్వాల దవాఖానకు తోలుకుపోయింది.

మర్నాడు జములమ్మ నన్ను తన ఇంటికి పిలిచి కూలర్ చూపించింది. ఎర్తు లేదు. వేశాను. పక్కింటివాళ్ల మోటారు, దానికీ లేదు. అలా ముప్పై ఒక్క ఇళ్లు చూశాను, పందొమ్మిదింటికి లేదు. ఒకాయన ఎర్తు వైరును బట్టలారేసే తీగకు కట్టాడు. నాకు అతణ్ని తిట్టే నోరు లేదు. పక్కన కూర్చుని విప్పి చూపించాను. ఇంకా సగం ఊరు మిగిలింది. అడవికి ఈ నెల రానని జీపువాడితో కబురు పంపాను. పులికి వాన నీళ్లు చాలు.

నిన్న బోర్డు పెట్టె మూత మీద ఎర్ర రంగుతో నా పేరు, ఊరు, ఫోను నంబరు రాశాను. నలభై ఏళ్లలో చేసిన ఏ పని మీదా పేరు రాసుకోలేదు. జములమ్మకు చదువు రాదు, ఏం రాశానో హెప్సిబాతో చదివించుకుంది. విని, "గంతేనా?" అంది. కుంచె నా చేతిలోంచి తీసి నర్సింహులుకు ఇచ్చి, తాను చెబుతుంటే రాయించింది. అతని అక్షరాలు కొంచెం వంకర, కానీ బస్సులోంచి కూడా కనిపిస్తాయి. ఇప్పుడు ఆ మూత మీద ఇలా ఉంది:

ఈశ్వరయ్య, గద్వాల.
నీళ్లల్ల నిలవడి, చెప్పులిడిసి ముట్టిండు.

మామ